కరిగే సరుకు

తేమా రేవులో రెండో గేటు పక్కన
ఐసు దిమ్మల్ని రంపంతో కోసేవాణ్ణి నేను.
ఆమె అప్పటికి మంత్రి కాదు, మేడమూ కాదు,
అయోర్కోర్. అంతే.
ఉన్నది ఒక్క పాత మిషను.
అమ్మినవాడే నవ్వాడు, నెల కూడా ఆడదని.
పదకొండేళ్లు ఆడింది.

మొదటిరోజే చెప్పింది:
"ఓకాయ్, మనది ఐసు వ్యాపారం కాదు,
గడియారం వ్యాపారం.
దిమ్మ గేటు దాటిందా,
డబ్బు చుక్కలు చుక్కలుగా కారిపోతుంది.
పరిగెత్తు."
పరిగెత్తేవాణ్ణి.
రంపపు పొట్టు కప్పిన తోపుడుబండి,
దాని వెనక తారు మీద ఒక తడి గీత.
చెప్పుల్లేని పిల్లలు
ఆ గీత మీదే నడిచేవాళ్లు, ఆరేలోగా.

అప్పులు గోడ మీద సుద్దతో రాసేది.
పడవ పేరు, పక్కన దిమ్మల లెక్క.
చేప పడితే చెరిపేది.
పడవే తిరిగి రాకపోతే
ఆ పేరు మీద తడిచెయ్యి ఆనించి
కాసేపు ఊరికే నిలబడేది.
చెయ్యి తీసేసరికి పేరు ఉండేది కాదు.
వడ్డీ మాట నేనెప్పుడూ వినలేదు.

ఒక మిషను తొమ్మిదయింది.
తకోరాడీలో ఒక కోల్డ్ స్టోరేజీ, ఎల్మినాలో ఇంకొకటి.
గోడకి తెల్లటి టైల్సు, గేటుకి నీలం బోర్డు.
ఎన్నికలయ్యాక పార్టీవాళ్లు వచ్చారు,
నీళ్ల మడుగుల్ని తప్పించుకుంటూ, బూట్లు తడవకుండా.
మత్స్యశాఖ మీకే తగునన్నారు.
ఆమె నావైపు తిరిగి "ఏమంటావ్?" అంది.
"వాళ్లకి చేప ప్లేటులోనే తెలుసు. వెళ్లండి" అన్నాను.
ఆ మాట అనకుండా ఉండాల్సిందా
అని ఇప్పటికీ దిమ్మ కోస్తూ అనుకుంటాను.

అక్రాలో ఆమె ఆఫీసుకి ఒక్కసారే వెళ్లాను.
గదంతా చలి, ఒక్క చేప లేదు.
"ఇక్కడేదీ కరగదు ఓకాయ్," అంది నవ్వుతూ,
"మూడు ప్రభుత్వాల కిందటి కాగితం
ఇంకా గట్టిగానే ఉంది చూడు."
బల్ల మీద గడియారం ఆగి ఉంది.
ఆమె అది గమనించలేదు.
నేను చెప్పలేదు.

ఆ ఏడాదే సంతకం పెట్టింది:
చేపలు గుడ్లు పెట్టే నెల, ఎవరూ వల వెయ్యరాదు.
ఇసక మీద పడవలు బోర్లా పడుకున్నాయి.
చేపల్ని పొగబెట్టే పొయ్యిల్లో పిల్లులు ఈనాయి.
ఆడవాళ్లు బేసిన్లు తిరగేసి మోగించుకుంటూ
అక్రా దాకా నడిచారు.
అందరికన్నా ముందు మామ్లే,
ఆమె గోడ మీద పదేళ్లు అప్పున్న మనిషి:
"నీ ఐసు తిన్నాం, నిజమే.
ఈ నెల నీ సంతకం తినమంటావా?"

అదే నెలలో మా స్టోరేజీలు నిండిపోయాయి,
ఓడల్లో వచ్చిన పరాయి చేపతో.
కంపెనీ అప్పటికి బావగారి పేరన ఉంది,
కాగితాలు సరిగ్గానే ఉన్నాయి.
పెట్టెలు కూడా ఉన్నాయి.
పేపర్లు పెట్టెల సంగతి రాశాయి,
ఆమె కాగితాలు చూపించింది.
రెండూ నిజాలే.
ఆ పెట్టెలు మోసిన భుజం నాదే.

నెల దాటాక వలలు బరువెక్కాయి.
ఏళ్ల తర్వాత అంత బరువు.
రేవంతా సముద్రాన్ని పొగిడింది,
ఆమె పేరు ఎవరి నోటా రాలేదు.

పదవి పోయిన సంగతి
రాత్రి వార్తల్లో, కారులో వింది.
డ్రైవరు రేడియో గొంతు తగ్గించబోతే
"ఉంచు, వాతావరణం కూడా చెప్తాడు" అందట.

నాలుగో రోజు టాక్సీలో వచ్చింది, రెండో గేటుకి.
రంపం అందుకుని ఒక దిమ్మ కోసింది. వంకరగా.
"సుద్ద ఉందా?" అని అడిగింది.
టైల్సు మీద సుద్ద నిలవలేదు.
వెనక జనరేటర్ గదికి వెళ్లింది,
అక్కడ పాత గోడ ఇంకా మిగిలుంది.
రాసింది:
అయోర్కోర్ – ఒక నెల.

దాన్ని చెరిపే చెయ్యి ఎవరిదో నాకు తెలీదు.
మొన్న ఐసుకొచ్చిన పడవ కుర్రాడు
అది చదివి "ఎవరి పడవ?" అన్నాడు.
పడవ కాదన్నాను.
బండి అప్పటికే కారుతోంది,
పరిగెత్తాను.